కరిగింది సరే, దేనికి కరిగింది? పదో తరగతి విద్యుద్విశ్లేషణ డైరీ

అక్టోబర్ 24

ఎఫ్‌ఏ పరీక్ష పేపర్లు దిద్దేసరికి రాత్రి పదకొండయింది. ఒక ప్రశ్న దగ్గర మాత్రం మళ్ళీ మళ్ళీ ఆగాను. "సోడియం క్లోరైడ్ జల ద్రావణాన్ని విద్యుద్విశ్లేషణ చేస్తే కాథోడ్ దగ్గర ఏం వస్తుంది?" విద్యుద్విశ్లేషణ అంటే కరెంటు పంపి పదార్థాన్ని విడగొట్టడం. అందుకు ముంచే రెండు కడ్డీల్లో రుణ కొసకి కలిపింది కాథోడ్, ధన కొసకి కలిపింది ఆనోడ్. 41 మందిలో 29 మంది "సోడియం" అని రాశారు. బాగా చదివే పిల్లలు కూడా అదే రాశారు.

వాళ్ళను తప్పు పట్టలేను. ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠంలో ఉప్పునీళ్ళలో కరెంటు పంపితే క్లోరిన్, హైడ్రోజన్, సోడియం హైడ్రాక్సైడ్ వస్తాయని చదివారు. తర్వాత లోహాలు, అలోహాల పాఠంలో సోడియం క్లోరైడ్‌ని విద్యుద్విశ్లేషణ చేస్తే కాథోడ్ మీద సోడియం చేరుతుందని చదివారు. మొదటిది ఉప్పునీళ్ళు. రెండోది నీటిచుక్క లేకుండా నిప్పుమీద కరిగించిన ఉప్పు. ఆ తేడా అంతా 'కరిగిన' అన్న ఒక్క మాటలో ఉంది. ఆ మాట పిల్లల నోటికి వచ్చింది కానీ కళ్ళకు కనబడలేదు.

పడుకున్నాక ఇంకో సంగతి తోచింది. మనం చక్కెర నీళ్ళలో కరిగిందంటాం, వెన్న కరిగిందంటాం, ఐసు కరిగిందంటాం. రెండు వేర్వేరు పనులకి మన నోట్లో ఒకటే మాట. పొయ్యి మీద కరగడం వేరు, నీళ్ళలో కరగడం వేరు అని చిన్నప్పటి నుంచి మనకు ఎవరూ విడదీసి చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఈ పాఠం దగ్గరే ఆ అవసరం వచ్చింది. బోర్డు మీద ఇంకోసారి చెబితే చాలదు. చేసి చూపించాలి, చూపించింది రాసిపెట్టాలి. అందుకే ఈ డైరీ.

అక్టోబర్ 27

మా బడి చంద్రగిరి దాటాక ఉంది. ల్యాబ్ అంటే రెండు ఇనుప బీరువాలు, ఒక రాతి బండ, తలుపు పక్కన కుళాయి. ప్లాటినం ఎలక్ట్రోడ్లు బొమ్మల్లోనే చూశాం. కాబట్టి బొగ్గుకడ్డీలే దిక్కు.

పిల్లలు ఇళ్ళ నుంచి అయిపోయిన టార్చ్ సెల్లులు 14 తెచ్చారు. మామూలు జింక్ కార్బన్ సెల్లుల్లో మధ్యన కడ్డీ ఉంటుంది, ఆల్కలైన్ సెల్లుల్లో ఉండదు. అందుకని ముందే కొని తెచ్చిన రెండు కొత్తరకం సెల్లుల్ని పక్కన పెట్టేశాం. పైనున్న రేకు మూత లేపి, కడ్డీని మెల్లగా తిప్పుతూ లాగాలి. చుట్టూ నల్లటి మాంగనీస్ డయాక్సైడ్ పొడి. చేతులకి కవర్లు తొడిగించాను. ఆ పొడిని కుళాయి కింద కడగనివ్వలేదు, పేపర్లో చుట్టి విడిగా పెట్టించాను.

కడ్డీలకి మైనం పట్టి ఉంటుంది. మొదట ఆ సంగతి మర్చిపోయి నేరుగా నీళ్ళలో ముంచాం. కరెంటు అంతంత మాత్రంగా పారింది. స్పిరిట్ దీపం మీద కాల్చి, గరుకు కాగితంతో రుద్దాక మీటరు ముల్లు చక్కగా కదిలింది. ఈ పని చేసేవాళ్ళెవరైనా ఉంటే ఇది ముందే చేసుకోండి, ఒక పీరియడ్ మిగులుతుంది.

లీటరు నీళ్ళసీసా పైభాగం కోసి, తలకిందులుగా నిలబెట్టి, మూతలో రెండు రంధ్రాలు చేసి కడ్డీలు దూర్చాం. ఎమ్‌సీల్ పూసి రాత్రంతా ఆరనిచ్చాం. కరెంటుకి పాత మొబైల్ చార్జర్, అంటే 5 వోల్టులు. తీగ కోసి ఎర్రది, నల్లది విడదీశాం.

అక్టోబర్ 30

ముందు ఇనుప మేకులతో చేస్తామన్నారు పిల్లలు. వద్దనలేదు. ఉప్పునీళ్ళలో రెండు మేకులు, చార్జర్ వేశాం. పది నిమిషాల్లో ఆనోడ్ మేకు చుట్టూ ఆకుపచ్చ మడ్డి, కాసేపటికి అది తుప్పురంగు. మేకు సన్నబడింది. ఆనోడ్ దగ్గర క్లోరిన్ రాకుండా ఇనుమే అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా విడిపోయి నీళ్ళలోకి దిగిపోయింది. ఎలక్ట్రోడ్ కూడా ఈ లెక్కలో ఉంటుందని ఆ మడ్డి చెప్పినంత బాగా నేను చెప్పలేను. ఒకబ్బాయి ఇంటి నుంచి స్టీలు చెంచాలు తెస్తానన్నాడు. స్టీల్లో క్రోమియం ఉంటుంది, దాన్ని ఆనోడ్‌గా పెడితే విషమైన క్రోమియం లవణాలు నీళ్ళలోకి వస్తాయి, వద్దని గట్టిగా చెప్పాను.

తర్వాత బొగ్గుకడ్డీలు. ఈసారి ఉప్పునీళ్ళలో చిటికెడు పసుపు కలిపాం. మీటర్లో 0.4 ఆంపియర్. కాథోడ్ కడ్డీ చుట్టూ సన్నటి బుడగలు దారంలా పైకి లేచాయి. అర నిమిషానికి ఆ కడ్డీ మొదట్లో రంగు మారడం మొదలైంది. ముందు నారింజ, తర్వాత ఇటుకరంగు, తర్వాత చిక్కటి ఎరుపు. ఆ ఎరుపు పొగలా మెలికలు తిరుగుతూ పసుప్పచ్చటి నీళ్ళలోకి పాకుతుంటే పిల్లలు బండ మీదకి వంగిపోయారు.

"మేడమ్, ఇది పారాణి!" అంది ముందు బెంచీ అమ్మాయి.

అవును, పారాణే. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడేది సున్నం క్షారం కాబట్టి. ఇక్కడ సున్నం వెయ్యలేదు. మరి క్షారం ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్నని అలాగే వదిలేశాను. సోడియం వచ్చి చేరి ఉంటే కడ్డీ మీద లోహం కనబడాలి, లేదా అది వచ్చిన మరుక్షణం నీళ్ళతో మండాలి. రెండూ లేవు. బుడగలే ఉన్నాయి, క్షారం ఉంది. అంటే కాథోడ్ దగ్గర ఎలక్ట్రాన్ తీసుకున్నది సోడియం అయాన్ కాదు, నీళ్ళు. నీళ్ళు విడిపోయి హైడ్రోజన్ పైకి పోయింది, హైడ్రాక్సైడ్ మిగిలింది. సోడియం అయాన్ ఆ పక్కనే ఏ మార్పూ లేకుండా ఉండిపోయింది.

ఆనోడ్ వైపు పసుపు రంగు వెలిసిపోయింది. పంచాయతీ వాళ్ళు ట్యాంకులో బ్లీచింగ్ వేసిన రోజు కుళాయి తిప్పితే వచ్చే వాసన. అది క్లోరిన్. రెండు నిమిషాలకే చార్జర్ తీసేసి కిటికీలన్నీ తెరిపించాను. ఈ ప్రయోగం చిన్న గిన్నెలో, కొద్దిసేపే, గాలి ఆడేచోటే చెయ్యాలి.

నవంబర్ 3

వాషింగ్ సోడా నీళ్ళతో వాయువులు కొలిచాం. హైడ్రోజన్ 12 మిల్లీలీటర్లు, ఆక్సిజన్ 4.5. రెండుకి ఒకటి రావాలి కదా, 6 రాలేదేమని అడిగారు. మన ఆనోడ్ బొగ్గు. వచ్చిన ఆక్సిజన్‌లో కొంత ఆ బొగ్గునే కార్బన్ డయాక్సైడ్‌గా మార్చింది, అది సోడా నీళ్ళలో కలిసిపోయింది. కడ్డీని వేలితో తడిమితే నల్లగా అంటుకుంది, కొస గరుకుగా అరిగింది. హైడ్రోజన్ గొట్టం దగ్గర అగ్గిపుల్ల పెడితే టప్పుమంది. అందరూ ఇంకోసారి అన్నారు, ఇంకోసారి చేశాం.

నవంబర్ 5

ఈ రోజు ప్రయోగం లేదు, కథ చెప్పాను.

1807లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ పొటాష్ అనే క్షారం నుంచి లోహాన్ని బయటికి తియ్యాలనుకున్నాడు. ముందు ఏం చేశాడో తెలుసా అని అడిగాను. పొటాష్‌ని నీళ్ళలో కలిపి కరెంటు పంపాడు. హైడ్రోజన్, ఆక్సిజన్ తప్ప ఇంకేం రాలేదు. అంటే మీరు పేపర్లో ఆశించిందే ఆయనా ఆశించాడు, నీళ్ళు ఆయనకీ అడ్డుపడ్డాయి. అప్పుడాయన నీళ్ళు వదిలేశాడు. పూర్తిగా ఎండిన పొటాష్ కరెంటుని పోనివ్వదు. దాన్ని కాసేపు గాలికి ఉంచి పైపైన కొద్దిగా చెమ్మ పట్టనిచ్చాడు. కరెంటు పంపగానే ఆ ముక్క తాకినచోట కరిగింది, పాదరసంలా మెరిసే చిన్న చిన్న గుండ్లు కనబడ్డాయి. కొన్ని పుట్టీపుట్టగానే భగ్గున మండాయి. అది పొటాషియం. కొద్దిరోజుల్లోనే అదే దారిలో సోడియం. ఆ గుండ్లు చూసి డేవీ గది అంతా గంతులు వేశాడని అప్పుడు ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్న ఎడ్మండ్ డేవీ చెప్పాడు.

29 మంది ముఖాలు చూశాను. తప్పు రాశామన్న బెరుకు కొంచెం తగ్గినట్టు అనిపించింది.

తర్వాత ఫెరడే. కమ్మరి కొడుకు, పుస్తకాలు బైండింగ్ చేసే చోట పనివాడు, 1813లో డేవీ దగ్గర సహాయకుడిగా చేరాడు. ఆనోడ్, కాథోడ్, అయాన్ అన్న మాటల్ని 1834లో లోకానికి ఇచ్చింది ఆయనే. గ్రీకులో అయాన్ అంటే 'వెళ్ళేది'. వెళ్ళాలంటే కదలాలి, కదలాలంటే గట్టి స్పటికంలో నుంచి విడుదల కావాలి. విడుదలకి రెండు దార్లు, వేడి ఒకటి, నీళ్ళు ఇంకొకటి. బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించాను: 'వేడికి కరగడం', 'నీళ్ళలో కరగడం'. ఇక మీదట మా క్లాసులో ఉత్త 'కరిగింది' అని ఎవరు అన్నా పక్కవాళ్ళు 'దేనికి?' అని అడగాలి. నాతో సహా.

నవంబర్ 8

వేడికి కరగడం చూపించాలి. ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మా స్పిరిట్ దీపంతో అయ్యే పని కాదు. పాల వ్యాను వాళ్ళ అబ్బాయి "పటిక కరుగుతుంది మేడమ్, మా అవ్వ పెనం మీద పొంగిస్తాది" అన్నాడు. నాకు చాలా సంతోషమైంది. పటిక అంటే పొటాషియం అల్యూమినియం సల్ఫేట్, అయానిక పదార్థం, 92 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ప్రతి ఇంటి గుమ్మానికీ దిష్టికి వేలాడేదే.

పచారీ కొట్టు నుంచి పావుకిలో తెచ్చాం. ముక్క మీద రెండు కడ్డీలు ఆనించి, 12 వోల్టుల బైకు బ్యాటరీ, మధ్యలో ఇండికేటర్ బల్బు. బల్బు వెలగలేదు, మీటరు సున్నా. ముక్కలు దంచి పింగాణీ గిన్నెలో వేసి దీపం పెట్టాం. అంచుల్లో తడి మెరిసింది, నిమిషంలో గిన్నెలో చిక్కటి నీళ్ళలాంటి ద్రవం. కడ్డీలు ముంచగానే బల్బు తీగ ఎర్రబడింది. క్లాసంతా చప్పట్లు. నేనూ కొట్టాను. గట్టిగా ఉన్నప్పుడు అయాన్లు కదల్లేదు, వేడికి కరగ్గానే కదిలాయి అని బోర్డు మీద రాసేశాను.

గంట కొట్టాక సర్దుతుంటే ముందు బెంచీ అమ్మాయి ఉండిపోయింది.

"మేడమ్, కాథోడ్ కాడ అల్యూమినియం రావాల కదా? బుడగలే వస్తా ఉండాయి."

"ఎక్కడ?"

"నేను చూసినాను మేడమ్. ఉప్పునీళ్ళ మాదిరే."

పేపర్లో సోడియం అని రాసినవాళ్ళలో ఈ అమ్మాయి కూడా ఉంది. బస్సులో తిరుపతి వచ్చేదాకా ఆ మాటే ఆలోచిస్తూ కూర్చున్నాను. అలిపిరి దగ్గర దిగేసరికి అర్థమైంది. పటిక స్పటికంలో ప్రతి అణువుకీ 12 నీటి అణువులు అతుక్కుని ఉంటాయి. బరువులో చూస్తే 45 శాతానికి పైగా నీళ్ళే. 92 డిగ్రీలకి అది నిజంగా వేడికి కరగలేదు. తన ఒంట్లో ఉన్న నీళ్ళలోనే తాను కరిగింది. నేను బోర్డు మీద రాసింది తప్పు.

నవంబర్ 10

మొదటి పీరియడ్‌లోనే మొన్న రాసినదాన్ని కొట్టేసి, ఎందుకు కొట్టేశానో చెప్పాను. ఆ అమ్మాయి పట్టుకుందని కూడా చెప్పాను. తర్వాత అందరం కలిసి దాన్ని తేల్చుకోడానికి కూర్చున్నాం.

20 గ్రాముల పటిక తూచి గిన్నెలో వేశాం. కడ్డీలు మొదటి నుంచీ అందులోనే. గిన్నె పైన చల్లటి గాజు పలక అడ్డంగా పట్టుకున్నాం. కరిగింది, మీటరు 0.3 ఆంపియర్ దాకా వెళ్ళింది. పలక మీద ఆవిరి, ఆ ఆవిరి బొట్లుగా మారి కిందికి జారడం. పటికలో తడి కనబడదు, చేతికి పొడిగా ఉంటుంది. అయినా పలక మీద నీళ్ళు. అలాగే వేడి చేస్తూ పోయాం. ద్రవం బుసబుస పొంగి, తెల్లటి నురగై, అటుకుల్లా బిరుసెక్కింది. ఒకమ్మాయి మీటరు చదువుతూ ఉంది: 0.3, 0.22, 0.15, 0.06, 0.01, సున్నా. వేడి ఇంకా ఉంది, దీపం ఇంకా వెలుగుతూనే ఉంది, కానీ కరెంటు ఆగిపోయింది. నీళ్ళు పోగానే దారి మూసుకుపోయింది.

చల్లారాక తూచాం, 11.6 గ్రాములు. 20 గ్రాముల పటికలో లెక్క ప్రకారం 9.1 గ్రాముల నీళ్ళు ఉండాలి, మాకు పోయింది 8.4. గిన్నె మధ్యలో ఇంకా కాస్త మిగిలి ఉంటుంది. నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే బాగా నచ్చిన రోజు ఇదే. తప్పు వల్లే ఇంత చక్కటి ప్రయోగం దొరికింది.

మరి అల్యూమినియం ఎలా తీస్తారని ప్రశ్న వచ్చింది. అల్యూమినియం అయాన్ ఉన్నచోట నీళ్ళు ఉంటే ఎలక్ట్రాన్ నీళ్ళకే పోతుంది. అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో హెరూ, ఒకరికొకరు తెలియకుండానే ఒకే ఉపాయం కనిపెట్టారు. కరిగిన క్రయోలైట్ అనే ఖనిజంలో అల్యూమినాని కలిపితే 950 డిగ్రీల చుట్టుపక్కలే పని జరుగుతుంది. పిల్లలు వెంటనే, "అంటే అల్యూమినా క్రయోలైట్‌లో కరిగింది, క్రయోలైట్ వేడికి కరిగింది" అన్నారు. రెండు కరగడాలూ ఒకే తొట్టిలో! ఆ తొట్టిలో బొగ్గు ఆనోడ్లు మా కడ్డీలాగే అరిగి కార్బన్ డయాక్సైడ్ అయిపోతూ ఉంటాయి, మార్చుతూ ఉండాలి.

నవంబర్ 15

నిజంగా వేడికి కరిగేది ఒకటైనా చూపించకుండా వదలకూడదనుకున్నాను. లెడ్ బ్రోమైడ్ 373 డిగ్రీలకి కరుగుతుంది, పాత పుస్తకాల్లో బొమ్మ కూడా ఉంటుంది. కానీ సీసం విషం, బ్రోమిన్ ఆవిరి విషం. పిల్లల దగ్గర ఆ ప్రసక్తే లేదు. జింక్ క్లోరైడ్ 290 డిగ్రీలకి కరుగుతుంది, సీసం బాధ లేదు. క్లోరిన్ మాత్రం వస్తుంది. పావుగంట 0.8 ఆంపియర్ పంపితే దాదాపు 90 మిల్లీలీటర్ల క్లోరిన్ అని లెక్క వేశాను. మా గదిలో కుదరదు. తిరుపతిలో డిగ్రీ కాలేజీలో పనిచేసే నా స్నేహితురాలి ల్యాబ్‌లో పొగలు లాగే గూడు ఉంది. అక్కడ మేమిద్దరమే చేసి, వీడియో తీసి పిల్లలకి చూపించాలి.

నవంబర్ 19

కాలేజీలో మొదటి ప్రయత్నం. బంగాళాఖాతంలో వాయుగుండం, పొద్దుటి నుంచి ఒకటే వాన. జింక్ క్లోరైడ్ డబ్బా మూత తీసి తూచేలోపే పొడి ముద్ద అయిపోయింది, పింగాణీ మూసలో వేసేసరికి అడుగున నీళ్ళు. గాలిలో చెమ్మని అంతలా లాగేస్తుంది. వేడి మొదలుపెట్టిన కాసేపటికే, 290 దగ్గరికి ఇంకా పోకముందే మీటరు కదిలింది. నా స్నేహితురాలు "కరిగిందా అప్పుడే?" అంది. "దేనికి?" అన్నాను. మాట నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. చెమ్మ పట్టిన ఉప్పు, అంతే. కాథోడ్ దగ్గర బుడగలు. ఆపేశాం.

నవంబర్ 26

ఎండ వచ్చింది. ఈసారి జింక్ క్లోరైడ్‌ని కడ్డీలు పెట్టకుండా ముందు మెల్లగా వేడి చేసి, ఆవిరి పూర్తిగా ఆగేదాకా కరిగించి ఉంచాం. తర్వాతే కడ్డీలు. ఒంటికి ఏప్రన్, కళ్ళకి అద్దాలు, చేతులకి గ్లౌజులు. కాథోడ్ దగ్గర బుడగ ఒక్కటి లేదు. ఆనోడ్ దగ్గర మాత్రం నిలకడగా బుడగలు. తడిపిన నీలం లిట్మస్ గూడు లోపల పట్టుకుంటే ఒక్క క్షణం ఎర్రబడి, తర్వాత తెల్లబారిపోయింది.

తొమ్మిదో నిమిషంలో కరెంటు ఒక్కసారిగా 0.8 నుంచి 2 దాటింది. కంగారుగా స్విచ్ తీశాం. కాథోడ్ మీద పెరిగిన జింక్ మామిడి చెట్టు వేళ్ళలా కొమ్మలు వేసుకుంటూ వెళ్ళి ఆనోడ్‌ని తాకింది. జింక్ 419 డిగ్రీలకి గానీ కరగదు కాబట్టి ఈ ద్రవంలో అది గట్టిగానే పెరుగుతుంది. కడ్డీలు దూరం జరిపి మిగతా ఆరు నిమిషాలు పూర్తి చేశాం. చల్లారాక మూసని నీళ్ళలో పెడితే జింక్ క్లోరైడ్ నీళ్ళలో కరిగిపోయింది, అడుగున బూడిదరంగు మెరిసే పలుకులు మిగిలాయి.

పిల్లలకి వీడియో చూపించేటప్పుడు ఒక నిజం దాచకుండా చెప్పాను. జింక్ నీళ్ళలోంచి కూడా వస్తుంది. జింక్ సల్ఫేట్ నీళ్ళలో కరెంటు పంపి జింక్ తీసే కర్మాగారాలు ఉన్నాయి. నీళ్ళతో పోటీలో పూర్తిగా ఓడిపోయేది సోడియం, పొటాషియం, మెగ్నీషియం, అల్యూమినియం లాంటివి. రాగి, వెండి సులువుగా గెలుస్తాయి. జింక్ మధ్యలో ఉంది. కాబట్టి వీడియో చూపించేది నీళ్ళు లేకుండా కూడా కరెంటు పారుతుందని, అప్పుడు వచ్చేది ఆ రెండు అయాన్ల సరుకేనని మాత్రమే. తేడా చూడాలంటే మన పటికనే గుర్తు చేసుకోండి అన్నాను.

ఒక పలుకుని పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేశాం. బుడగలు.

డిసెంబర్ 2

గెలిచే లోహం వంతు. ఎరువుల కొట్టులో మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, అరకిలో తెచ్చాను. మామిడి తోటల వాళ్ళు సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం కొట్టేది దీనితోనే, పిల్లలకి కొత్త కాదు. రెండు రాగి రేకులు, 5 వోల్టుల చార్జర్, వరసలో ఇండికేటర్ బల్బు. బల్బు వల్ల కరెంటు అర ఆంపియర్ దగ్గర నిలకడగా ఉంది. సరిగ్గా 40 నిమిషాలు, అంటే 1200 కూలుంబుల విద్యుదావేశం. ఫెరడే లెక్క ప్రకారం 96500 కూలుంబులకి 31.75 గ్రాముల రాగి రావాలి. మాకు 0.395 గ్రాములు రావాలి.

దీన్ని తూచే తూకం బడిలో లేదు. ఊళ్ళో ఆచారి గారి దగ్గర మిల్లీగ్రాము చూపించే తూకం ఉంది. ముగ్గురు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. ముందురోజు తూచిన రేకుల్నే మళ్ళీ పళ్ళెంలో పెట్టారు. కాథోడ్ 0.371 గ్రాములు పెరిగింది. ఆనోడ్ 0.402 గ్రాములు తగ్గింది.

"ఈ 31 మిల్లీగ్రాములు యాడికి పోయినాయి మేడమ్?" అన్నారు ఆచారి గారు. "బంగారమైతే ఈ తరుగుకి నాకు రాత్రి నిద్ర పట్టదు."

కాథోడ్ మీది రాగి పొడిలా అంటుకుంది, కడిగేటప్పుడు కొంచెం రాలింది, గిన్నె అడుగున ఎర్రటి నలుసులు కనబడ్డాయి అని పిల్లలే చెప్పారు. ఆయన తల ఊపి, కవరింగ్ నగలకి బంగారు పూత వేసేదీ ఇదే పద్ధతిలోనేనని, కానీ ఆ తొట్టిలో సైనైడ్ లవణం ఉంటుంది కాబట్టి ఆ పని తాను పెట్టుకోలేదని చెప్పారు. కరెంటు ఎక్కువ పెడితే పూత నల్లగా, పొడిగా పడుతుందని కూడా చెప్పారు. మాకు రాలిన పొడికి కారణం అదే అయుండొచ్చు. ఈసారి సగం కరెంటుతో రెండింతల సేపు చేసి చూడాలి.

ఇదే మైలుతుత్తం నీళ్ళలో రాగి రేకుల బదులు బొగ్గుకడ్డీలు పెట్టి గంట ఉంచితే నీలం రంగు పలచబడింది. రాగి రేకులతో రంగు అలాగే ఉంది, ఒకవైపు పోయినంత ఇంకోవైపు నుంచి వచ్చి చేరుతుంది కాబట్టి. రెండు గ్లాసులూ కిటికీలో పక్కపక్కన పెట్టించాను.

డిసెంబర్ 6

మిగిలిన నీళ్ళు పారబొయ్యడం. బడి వెనక కాలువ నేరుగా చెరువులోకి పోతుంది, మైలుతుత్తం చేపలకి విషం. పాత మేకులు ఒక దోసెడు వేసి మూడు రోజులు ఉంచాం. రాగి మేకుల మీద ఎర్రగా పేరుకుంది, నీలం పోయి లేత ఆకుపచ్చ మిగిలింది. తర్వాత సున్నం కలిపి, అడుగున దిగిన మడ్డిని వడకట్టి, ఎండబెట్టి డబ్బాలో పెట్టాం. జింక్ పలుకులు చిన్న సీసాలో వేసి తేదీ రాశాం.

డిసెంబర్ 12

యూనిట్ టెస్ట్ పెట్టాను. పేపరు నేనే టైపు చేశాను. నాలుగో ప్రశ్న: "కరిగిన సోడియం క్లోరైడ్‌ను విద్యుద్విశ్లేషణ చేస్తే కాథోడ్ వద్ద ఏర్పడే పదార్థం ఏది?"

మొదలుపెట్టిన ఐదో నిమిషంలో మూడో వరసలో ఒకబ్బాయి లేచాడు. మొన్న స్టీలు చెంచాలు తెస్తానన్న పిల్లవాడు.

"మేడమ్, నాలుగోది. కరిగిన అంటే దేనికి?"

పేపరు చేతిలోకి తీసుకుని చదివాను. అతని వెనక ఇంకో ఇద్దరు చేతులెత్తారు, వాళ్ళదీ అదే ప్రశ్న. బోర్డు దగ్గరికి వెళ్ళి, నాలుగో ప్రశ్నలో 'కరిగిన' ముందు 'వేడికి' అని చేర్చుకోండి అని రాశాను.